వడ్ల కాంట ఎరుకే.. మరి వజ్రాల కాంట సంగతేంది?

వజ్రాల నగ కొన్న బిల్లు మీ ఇంట్ల ఉంటే ఒకసారి తీసి చూడుండ్రి. అండ్ల 'క్యారెట్' అనే మాట రెండు జాగల కనవడ్తది. ఒక జాగల '18 క్యారెట్' అని ఉంటది. ఇంకో జాగల '0.42 క్యారెట్' అని ఉంటది. మాట ఒక్కటే గని అర్థం వేరు వేరు. మొదటిది బంగారం గురించి. ఆ బంగారం ఎంత స్వచ్ఛమైందో చెప్తది. రెండోది వజ్రం గురించి. ఆ రాయి ఎంత బరువున్నదో చెప్తది. ఒకదానికి ఇంకొకదానికి సంబంధమే లేదు. తెలుగుల రెండింటినీ ఒక్క తీరుగనే రాస్తం, ఒక్క తీరుగనే పలుకుతం. గందుకే చదువుకున్న పిల్లలు సుత దుకాణంల తికమక పడ్తున్నరు.

బంగారం ముచ్చట జల్ది చెప్పుకోని ముందుకు పోదాం. బంగారాన్ని 24 భాగాలు అనుకుంటరు. 24కు 24 బంగారమే ఉంటే మేలిమి. 22 భాగాలు బంగారం, రెండు భాగాలు రాగి, వెండి అసొంటి వేరే లోహం కలిస్తే 22 క్యారెట్, అంటే మనోళ్లు చెప్పే 916. 18 భాగాలుంటే 18 క్యారెట్, దాని మీద 750 అని ముద్ర ఉంటది. వజ్రాల నగలు ఎక్కువ శాతం 18లనో 14లనో చేస్తరు. 22 క్యారెట్ బంగారం మెత్తగుంటది, రాయిని పట్టుకునే కొక్కేలు వదులైతయి, రాయి జారి పోతదని. ఇది న్యాయమైన కారణమే. కాకపోతే కొనేటోనికి '18' అనే అంకె ఎట్ల చెప్తున్నరనేదే అసలు కథ.

పేపర్ల '18 క్యారెట్ల డైమండ్ నెక్లెస్' అని ప్రకటన వస్తది. ఒక తమ్ముడు ఫోన్ జేసి, 'అన్నా, 18 క్యారెట్ల వజ్రాలు లక్షన్నరకే ఇస్తున్నరట, నిజమేనా' అని అడిగిండు. ఆ 18 నగల ఉన్న బంగారానిది. వజ్రాలన్ని కలిపితే ముప్పావు క్యారెట్ సుత ఉండయి. ప్రకటన రాసినోడు అబద్ధం రాయలే. చదివినోడు తప్పుగ అర్థం చేస్కుంటడని ఆయనకు మంచిగ ఎరుక, గంతే.

ఒకప్పుడు ఈ గోస మనకు లేకుండె. వజ్రం అంటే దొరలది, సేట్లది. మన దిక్కు లగ్గమంటే పుస్తెలు, గుండ్లు, కమ్మలు, ఉంటే ఒక తులం గొలుసు. ఇప్పుడట్ల లేదు. జిల్లా కేంద్రాలల్ల పెద్ద పెద్ద షోరూంలు వచ్చినయి. నెల నెలా రెండు వేలు కట్టే స్కీంలు వచ్చినయి. పదకొండో నెలకు దుకాణానికి పోతే 'బంగారం పిరమైంది మేడం, గదే పైసలల్ల డైమండ్ చూడుండ్రి' అని కూసోబెడ్తరు. దుబాయి నుంచి వచ్చినాయన, డెలివరీ పని చేసుకునే పోరడు, అంగన్‌వాడీ అక్క, అందరు ఇయ్యాల ముక్కుపుడకనో రవ్వల కమ్మలనో వజ్రాలల్ల కొంటున్నరు. కొనుడు తప్పని నేను అంటలేను. మా ఊరి ఆడోళ్లు రవ్వలు పెట్టుకుంటే నాకు సంబురమే. కాకపోతే కాంట తెల్వకుండ కొనొద్దంటున్న.

మనం వడ్లు పండిస్తం. కొనుగోలు సెంటర్ల బస్తకు కిలో ఎక్కువ జోకితే రోడ్డెక్కుతం. తాలు అని, తరుగు అని మిల్లరు కోత పెడ్తే కలెక్టరాఫీసు దాక పోతం. పత్తి కాంట తేడా కొడ్తే లారీని ఆపుతం. గదే మనం ఏసీ దుకాణంల కూసోని, కూల్‌డ్రింక్ తాగి, మిల్లీగ్రాముల లెక్క ముచ్చట వచ్చెటాళ్లకు నోరు మెదపం. అక్కడ ఒక్క గ్రాము తేడాకు మన పది బస్తల వడ్ల పైసలు పోవచ్చు.

క్యారెట్ అంటే ఎంత?

వజ్రాల క్యారెట్ అంటే 0.2 గ్రాము. మిల్లీగ్రాములల్ల చెప్తే 200. ఐదు క్యారెట్లు కలిస్తే ఒక గ్రాము. ఇప్పటి లెక్కల పది గ్రాముల తులానికి 50 క్యారెట్లు. గంతే, దీని వెనుక వేరే మర్మం లేదు. రాయి ఎంత పెద్దగ కనవడ్తది, ఎంత తెల్లగున్నది, ఎంత మెరుస్తున్నది, ఏదీ క్యారెట్ చెప్పది. బరువొక్కటే.

క్యారెట్‌ను మళ్ల వంద భాగాలు చేస్తరు. ఒక్కో భాగాన్ని సెంటు అంటరు, కొందరు పాయింటు అంటరు. ఆంధ్ర దిక్కు ఎకరానికి వంద సెంట్లు అంటరు సూడు, గట్లనే క్యారెట్‌కు వంద సెంట్లు. దుకాణపాయన '20 సెంట్ల రాయి' అంటే 0.20 క్యారెట్, అంటే 40 మిల్లీగ్రాములు. పది సెంట్ల రాయి 20 మిల్లీగ్రాములు. అది ఒకటో రెండో సన్న బియ్యపు గింజల బరువు. ఇంత చిన్న కొలత మీద వేలకు వేలు చేతులు మారుతయి గాబట్టే ఇక్కడ చుక్క తర్వాతి అంకె మీద కన్నెయ్యాలె. 0.25కు, 0.205కు చూపుల తేడా ఏమనిపియ్యది. లెక్కల అది నాలుగున్నర సెంట్లు.

ఈ కొలత గింజల నుంచి వచ్చింది. మన అవుసులోళ్లు గురిగింజలతోని బంగారం జోకేటోళ్లు. మధ్యధరా సముద్రం దిక్కు కరోబ్ అనే చెట్టు కాయల గింజలు వాడిండ్రు. గ్రీకోళ్లు దాన్ని పిలిచిన పేరు అరబ్బుల నోట్ల పడి, ఆకిరికి క్యారెట్ అయింది. గింజలన్ని ఒక్క బరువుంటయని అప్పట్ల నమ్మకం. నిజానికి ఏ చెట్టు గింజలైన ఒక్క తీరుగ ఉండయి. గందుకే ఊరికో క్యారెట్ ఉండె. ఒక పట్నంల కొని ఇంకో పట్నంల అమ్మితే బరువు మారేది. కొల్లూరు గనులల్ల దొరికిందని చెప్పే కోహినూరునే తీస్కుందాం. పాత లెక్కల 186 క్యారెట్లని రాసిండ్రు, ఇప్పటి లెక్కల అది 191. రాయి అదే, కాంట మారింది. తర్వాత 1852ల లండన్‌ల మళ్ల చెక్కితే 105.6కు దిగింది. ఈ గందరగోళం పోవాలనే 1907ల తూనికలు కొలతల అంతర్జాతీయ సభ క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములని తేల్చింది. ఒక్కో దేశం దాన్ని ఒప్పుకుంట వచ్చింది. ఇయ్యాల సూరత్‌ల అయినా, సిరిసిల్లల అయినా క్యారెట్ అంటే అంతే.

మన నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాగితాల మీద బరువుకు పెట్టుకున్నడని చెప్పే జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. పేరు విని ఇటుక పెళ్లంత ఉంటదనుకుంటరు. ఐదుతోని భాగించుండ్రి, 37 గ్రాములకు జర తక్కువ. నాలుగు తులాలు సుత లేదు. (అన్నట్టు, అది గోల్కొండది గాదు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిందంటరు. 1995ల కేంద్ర సర్కారు నిజాం నగలు 218 కోట్లకు కొన్నప్పుడు అండ్ల ఇదీ పోయింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు లాకర్ల ఉన్నది.) ఎప్పుడైన పెద్ద అంకె వినంగనే ఐదుతోని భాగించుడు అలవాటు చేస్కోవాలె. మోజు దిగుతది.

ఒక్కటా, పద్నాలుగా?

ఇగ అసలు మెలిక. ఏడు రాళ్ల కమ్మలు మన ఆడోళ్లకు ఎరుకే. నడుమ ఒక రవ్వ, చుట్టూత ఆరు. రెండు చెవులకు కలిపి పద్నాలుగు రాళ్లు. దుకాణపాయన 'ఇది ఒక క్యారెట్ సెట్' అంటడు. నిజమే, అన్ని కలిపి జోకితే ఒక క్యారెట్. అంటే ఒక్కో రాయి ఏడు సెంట్లు. దీన్ని మొత్తం బరువు అంటరు. ఒక్కటే ఒక క్యారెట్ రాయి ఉన్న ఉంగరం సుత 'ఒక క్యారెట్'ఏ. రెండింటి బరువు ఒక్కటే. ధర మాత్రం ఆకాశానికి, భూమికి ఉన్నంత తేడా.

ఎందుకు? భూమి లెక్కతోని పోల్చి చూడుండ్రి. ఎకరాన్ని ప్లాట్లు కొడ్తే గజం రేటు పెరుగుతది. వజ్రానికి ఉల్టా. ముక్కలు చిన్నగైన కొద్ది రేటు పడిపోతది. భూమిల చిన్న రాళ్లు మస్తు దొరుకుతయి, పెద్ద రాళ్లు శాన తక్కువ దొరుకుతయి. గందుకే వజ్రానికి 'క్యారెట్‌కు ఇంత' అని ఒక్కటే రేటు ఉండది. రాయి సైజును బట్టి ఆ రేటే మారుతది. లెక్క కోసం ఒక ఉదాహరణ చెప్త, ఇవి మార్కెట్ రేట్లు కావు. ఏడు సెంట్ల రాళ్లకు క్యారెట్‌కు 70 వేలు అనుకుందాం. పద్నాలుగు రాళ్లకు 70 వేలు అయితది. అదే రంగు, అదే నాణ్యత ఉన్న ఒక్క క్యారెట్ రాయికి క్యారెట్ రేటే నాలుగు లక్షలు కావచ్చు. ఇప్పుడు ఎవరన్న మీకు పద్నాలుగు రాళ్ల సెట్ చూపెట్టి, 'బయట క్యారెట్ వజ్రం నాలుగు లక్షలు, మీకు రెండు లక్షలకే ఇస్తున్న' అంటే ఏమన్నట్టు? 70 వేల సరుకు రెండు లక్షలకు అంటగడ్తున్నట్టు.

దీనికి మందు ఒక్క ప్రశ్న: 'రాళ్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని సెంట్లు?' బిల్లుల మొత్తం బరువు ఒక్కటే రాస్తే ఒప్పుకోవద్దు. ఎన్ని రాళ్లో సంఖ్య రాయాలె. పెద్దది ఒకటి, చుట్టూత చిన్నయి ఉంటే రెండు వరుసలల్ల విడివిడిగ రాయాలె. మంచి దుకాణాలు ఎట్లయిన గట్లనే రాస్తయి, అడుగుతే ఏం ఫికర్ పడరు. ముఖం మాడ్చినోని దగ్గర జర ఆలోచించుండ్రి.

ఇంకో తీరు సుత ఉన్నది. ఏడో తొమ్మిదో చిన్న రాళ్లను సందు లేకుండ ఒక్క దగ్గర బిగిస్తరు. దూరం నుంచి చూస్తే ఒక్కటే పెద్ద రాయి లెక్క మెరుస్తది. 'సాలిటేర్ లుక్' అంటరు. సాలిటేర్ అంటే ఒంటి రాయి. 'లుక్' అంటే అది కాదన్నట్టు. అందంగ ఉంటది, అగ్గువకు వస్తది, తెలిసి కొంటే తప్పేం లేదు. మేనత్తకు ఒంటి రాయి అని చెప్పి, ఎనకట మిత్తిల పైసలు తెచ్చి కొంటేనే బాధ.

స్లాబు దాటితే

రేటు మారేది గూడ నున్నగ మారది, మెట్లు మెట్లుగ మారుతది. మన తెలంగాణల గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక కరెంటు బిల్లు సున్న. 201 కొట్టిందనుకో, మొత్తం కట్టాలె. ఆ ఒక్క యూనిట్ కోసం ఇంట్ల ఫ్యాన్ బంద్ పెట్టినోళ్లను చూసిన. వజ్రాల సుత ఇసొంటి గీతలున్నయి. అర క్యారెట్ కాడ ఒకటి, 0.70 కాడ ఒకటి, 0.90 కాడ, ఒక క్యారెట్ కాడ, ఒకటిన్నర కాడ, రెండు కాడ. 0.97 క్యారెట్ రాయికి ఒక రేటు, 1.00 రాయికి ఇంకో రేటు. ఆ మూడు సెంట్ల తేడా కండ్లకు కనవడది. జేబుకు కనవడ్తది. 'పూర్తి క్యారెట్' అని చెప్పుకునే మోజు లేనోడు గీతకు జర కిందున్న రాయి తీస్కుంటే పైసలు మిగుల్తయి.

ఈ గీత ముఖ్యం గాబట్టే బరువు రాసేకాడ పట్టింపు ఉంటది. జీఐఏ అనే అమెరికా సంస్థ వజ్రాలకు సర్టిఫికెట్లు ఇస్తది. వాళ్లు చుక్క తర్వాత మూడో అంకె 9 అయితేనే పైకి కలుపుతరు. అంటే 0.998 ఉంటే 0.99 అనే రాస్తరు, 0.999 ఉంటేనే 1.00 అంటరు. మన దగ్గర మాత్రం 0.46 ఉన్నదాన్ని 'అర క్యారెట్' అని నోటితోని అనేస్తరు. నోటి మాటకు రసీదు ఉండది. కాగితం మీద చుక్క తర్వాత రెండు అంకెలు రాయించుకోండ్రి.

బరువుకు, చూపుకు ఉన్న లెక్క సుత చెప్త. ఒక క్యారెట్ గుండ్రటి రాయి పైనుంచి కొలిస్తే దగ్గర దగ్గర ఆరున్నర మిల్లీమీటర్లు ఉంటది. రెండు క్యారెట్లయితే పదమూడు ఉంటదనుకుంటం. ఉండది. ఎనిమిది చిల్లర ఉంటది, గంతే. పావు క్యారెట్ రాయి నాలుగు మిల్లీమీటర్ల మీద ఉంటది. బరువు వెడల్పుకే పోదు, లోతుకు సుత పోతది. గందుకే బరువు రెండింతలైతే వెడల్పు పావు వంతు పెరుగుతది. ఇదే లెక్క తోని ఒక కంతిరి పని నడుస్తది. రాయిని చెక్కేటప్పుడు కింద బొజ్జ ఎక్కువ ఉంచుతరు. బరువు తగ్గకుండ గీత దాటిస్తరు. క్యారెట్ పైసలు తీస్కుంటరు, గని పైనుంచి చూస్తే 0.85 రాయంతనే కనవడ్తది. లోతు ఎక్కువైతే వెలుగు సక్కగ తిరిగి రాదు, మెరుపు సుత తగ్గుతది. కాబట్టి క్యారెట్ తోని పాటు 'ఎన్ని మిల్లీమీటర్లు' అని అడగాలె. సర్టిఫికెట్ల ఈ కొలత ఉంటది. రంగు, శుభ్రత, చెక్కుడు అని ఇంకో మూడు సంగతులు ధరను మారుస్తయి. వాటి ముచ్చట ఇంకోసారి. అవి ఒక్క తీరుగ లేని రెండు రాళ్లను క్యారెట్ ఒక్కటే చూసి పోల్చవద్దన్నది మాత్రం ఇప్పుడే మనసుల పెట్టుకోండ్రి.

రాయి బరువు బంగారంల కలుస్తున్నదా?

నా లెక్కల మన ఊర్లోళ్లకు అన్నిటికన్న ఎక్కువ నష్టం ఇక్కడ జరుగుతది. నగను కాంట మీద పెడ్తే వచ్చేది మొత్తం తూకం. అండ్ల రాళ్ల బరువు తీసేస్తే మిగిలేది నికరం తూకం. బంగారం రేటు నికరం మీదనే కట్టాలె.

ఉదాహరణకు ఉంగరం మొత్తం 4.620 గ్రాములు, వజ్రాలు 0.60 క్యారెట్ అనుకుందాం. 0.60ని ఐదుతోని భాగిస్తే 0.120 గ్రాము. 4.620ల నుంచి తీసేస్తే 4.500 గ్రాములు. బిల్లుల నికరం బంగారం గీ అంకె ఉండాలె. ఫోన్ల క్యాలిక్యులేటర్ ఉన్నది, అర నిమిషం పని. తీసెయ్యకపోతే ఒక్క రాయికే రెండు సార్లు పైసలు కట్టినట్టు, వజ్రం అని ఒకసారి, బంగారం అని ఇంకోసారి. వజ్రాలు తేలిక గాబట్టి నష్టం వేయికో, రెండు వేలకో ఆగుతది. తెల్ల రాళ్లు, కెంపులు, పచ్చల పేరు మీద వచ్చే గాజు రాళ్లు పెట్టిన హారాలల్ల అట్ల ఆగది.

మా పక్క ఊరి అక్క ఒకామె బిడ్డ లగ్గానికి రాళ్ల హారం కొన్నది. బిల్లుల 32 గ్రాములు. రాళ్ల తూకం అనే గడే లేదు. తరుగు, మజూరి సుత ఆ 32 మీదనే శాతం కట్టి వేసిండ్రు. రెండేండ్లకు అల్లునికి యాక్సిడెంట్ అయితే అదే హారం కుదువ పెట్టనీకి పోయింది. అక్కడాయన రాళ్ల బరువు తీసేసి 27 గ్రాముల మీద జర అని తేల్చిండు. దగ్గర దగ్గర అయిదు గ్రాములు గాజు రాళ్లకు బంగారం రేటు కట్టింది ఆమె. బీడీలు చుట్టిన పైసలవి. దుకాణానికి పోతే 'అప్పుడే చూస్కోవాలె గదమ్మా' అన్నరు. ఆమె అడిగిన మాట నాకు ఇప్పటికీ యాదికున్నది: 'వడ్లల తాలు ఉంటే నా దగ్గర కోత కోస్తరు గదా, మరి నగల రాళ్లుంటే వాళ్ల దగ్గర ఎందుకు కోయరు?'

కుదువ ముచ్చట వచ్చింది గాబట్టి ఇది సుత వినుండ్రి. మన ఊర్లల్ల బంగారమే బ్యాంకు. విత్తనాలకు, దవాఖానకు, కాలేజీ ఫీజుకు రాత్రికి రాత్రి పైసలు కావాలంటే బంగారం పట్టుకోని పోతం. గోల్డ్ లోన్ ఇచ్చేటోళ్లు చూసేది బంగారమే. వజ్రాల బరువు తీసేస్తరు, వాటి విలువ లెక్కల వెయ్యరు. రెండు లక్షలు పెట్టి కొన్న సెట్టుల నికరం బంగారం 18 క్యారెట్‌ల ఎనిమిది గ్రాములుంటే, మేలిమి లెక్కల అది ఆరు గ్రాములే. ఆ ఆరు గ్రాముల విలువల కొంత భాగమే అప్పుగ వస్తది. మిగిలిన పైసలు ఆపదల పనికి రావు. మెడల మెరుస్తుంటయి. పెట్టుబడి అని చెప్పి వజ్రం అంటగట్టేటోనికి ఈ ఒక్క మాట చెప్పి చూడుండ్రి, ఏమంటడో. 'మేమే వాపస్ తీస్కుంటం' అంటే, ఎంత శాతం ఇస్తరో, పైసలిస్తరా లేక ఇంకో నగ కొనాల్నా, బంగారానికెంత, రాయికెంత, ఇవన్ని కాగితం మీద పెట్టమనుండ్రి.

ల్యాబుల పుట్టిన వజ్రం సంగతి రెండు మాటలల్ల చెప్త. అది సుత వజ్రమే, గాజు గాదు. బరువు, గట్టితనం అన్నీ ఒక్కటే. 2023 జూన్‌ల ప్రధాని మోదీ అమెరికా పోయి జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబుల చేసిందే. బరువు ఒకటిన్నర గ్రాము. గని గనిల దొరికినదానికి, ల్యాబుల చేసినదానికి క్యారెట్ రేటు పోలికే లేదు, ఈ మధ్య ఏండ్లల్ల ల్యాబు రాళ్ల ధర మస్తు పడిపోయింది. కండ్లతోని చూసి పోల్చలేం. బిల్లు మీద ఏదో ఒకటి స్పష్టంగ రాసి ఉండాలె. మోజనైట్, అమెరికన్ డైమండ్ అనేటివి వజ్రాలే కావు. వాటికి 'ఒక క్యారెట్' అంటే ఒక క్యారెట్ వజ్రమంత సైజు అని అర్థం, బరువు గాదు. అమెరికన్ డైమండ్ అదే సైజుల వజ్రం కన్న ఒకటిన్నర రెట్ల పైనే బరువుంటది. అది బంగారం తూకంల కలిస్తే ఎంత నష్టమో పైన అక్క కథల చూసిండ్రు గదా.

హాల్‌మార్క్ ఉన్నది గదా అని కొందరు ధీమాగుంటరు. ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు బంగారానికే సాక్ష్యం. బీఐఎస్ కేర్ యాప్‌ల కొట్టి చూస్తే బంగారం ఎన్ని క్యారెట్లో వస్తది. వజ్రం గురించి అది ఏం చెప్పది. వజ్రానికి వేరే సర్టిఫికెట్ ఉండాలె. అండ్ల సుత ఒక మెలిక. రాయిని నగల బిగించినంక విడిగ జోకలేరు. కొలతలు చూసి బరువు అంచనా కడ్తరు. కాబట్టి ఒంటి రాయి కొంటున్నరంటే, బిగియ్యక ముందు జోకిన సర్టిఫికెట్ అడుగుండ్రి. ఆ నంబరే రాయి అంచు మీద సన్నగ చెక్కి ఉంటే, భూతద్దంల చూపెట్టమనుండ్రి.

కొనేటోళ్లకే గాదు, అమ్మేటోళ్లకు సుత ఈ లెక్క కావాలె. కర్నూలు, అనంతపురం దిక్కు జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేన్లల్ల తొలకరి వానలు పడంగనే జనం రాళ్లు ఏరనీకి పోతరు. మన పాలమూరు దిక్కు నుంచి సుత పోయేటోళ్లున్నరు. దొరికిన రాయిని వ్యాపారి తన కాంట మీద పెట్టి, తనే అంకె చదివి, తనే రేటు చెప్తడు. చెక్కితే సగం బరువు పోతది గాబట్టి ముడి రాయి క్యారెట్ రేటు తక్కువుంటది, అది నిజమే. గని మొదటి బరువు సుత వ్యాపారి నోటి మాటేనా? మిల్లీగ్రాము దాక చూపెట్టే చిన్న కాంటలు ఇయ్యాల ఆన్‌లైన్ల అగ్గువకే వస్తున్నయి. ఊరికి ఒక్కటున్నా సాలు.

దుకాణంల కాంట మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలె. చూపెట్టమని అడిగే హక్కు మీకున్నది. మీ ముందటనే జోకమనుండ్రి, ఫ్యాను గాలి తగలకుండ కాంట మీద అద్దం మూత పెట్టి జోకాలె. పెట్టక ముందు సున్న ఉన్నదా చూడుండ్రి. బిల్లుల మొత్తం తూకం, రాళ్ల తూకం, నికరం బంగారం తూకం, బంగారం క్యారెట్, రాళ్ల సంఖ్య, వాటి క్యారెట్ బరువు, గనిదా ల్యాబుదా, మజూరి, అన్నీ వేరువేరుగ ఉండాలె. 'కచ్చా బిల్లు అయితే జీఎస్టీ తప్పుతది' అంటే తప్పేది ఆయనకు, ఇరుక్కునేది మీరు.

తేడా వస్తే 1915కు ఫోన్ కొట్టుండ్రి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. వాళ్లతోని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ల కేసెయ్యవచ్చు. హైదరాబాదుల కొన్నా సరే, మీరు ఉండే జిల్లాలనే వెయ్యవచ్చు. ఐదు లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాల్నని లేదు. రెండేండ్ల లోపు వెయ్యాలె. దుకాణాలల్ల ఇచ్చే నున్నటి కాగితం బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలలకే ఎలిసిపోతయి. గందుకే కొన్ననాడే దాన్ని జిరాక్స్ తీయించి, ఫోన్ల ఒక ఫొటో కొట్టి పెట్టుకోండ్రి.